గాలం ముచ్చట్లు: హుక్కు మార్చితే లూర్ ఈత మారుతుంది

పోయిన నెల లూర్ల (చేపని మోసం చేసే బొమ్మ ఎరల) గురించి నాలుగు ముక్కలు రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లూర్ల గురించి కాదు, వాటికి వేలాడే హుక్కుల గురించే. వంగిందని ఒకరు, తుప్పు పట్టిందని ఒకరు, కొత్తది పెట్టాక చేపే పడటం లేదని ఇంకొకరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం హుక్కులకే ఇచ్చేశాను. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్, మాది అంతర్వేది దగ్గర. ఉప్పుటేటిలో పండుగప్ప కోసం 12 సెంటీమీటర్ల మిన్నో (సన్నటి చేప ఆకారపు) లూర్ వాడుతున్నాను, రీల్ ఆపితే నీళ్లలో ఉన్నచోటే నిలబడే రకం. దాంతో వచ్చిన మూడు మొనల ట్రెబుల్ హుక్కుని ఒక పెద్ద చేప సాగదీసి వెళ్లిపోయింది. షాపులో చెబితే 4ఎక్స్ అని లావుపాటివి, అవీ ఒక సైజు పెద్దవి ఇచ్చారు. ఇప్పుడు హుక్కు వంగడం లేదు గానీ చేప కొట్టడమే తగ్గిపోయింది, కొట్టినా నిలవడం లేదు. తప్పు ఎక్కడుంది?

జవాబు: రెండు చోట్ల ఉంది. కొట్టకపోవడానికి కారణం హుక్కు బరువు, నిలవకపోవడానికి కారణం హుక్కు తీగ లావు.

ముందు బరువు సంగతి. లూర్ ఆగినచోటే నిలబడటం దానంతటదే వచ్చే గుణం కాదండీ. తయారుచేసినవాళ్లు ఒంటి బరువు, లోపలి గుండ్లు, హుక్కుల్ని తగిలించే రింగులు, హుక్కులు అన్నీ కలిపి లెక్క వేసి తెచ్చిన నిలకడ అది. పండుగప్ప చాలాసార్లు కొట్టేది కూడా సరిగ్గా ఆ ఆగిన క్షణంలోనే. మీరు ముందు హుక్కూ వెనక హుక్కూ మార్చేసి ఓ గ్రాము అదనంగా వేలాడదీశారనుకోండి, ఆగాల్సిన లూర్ తల కిందకో తోక కిందకో వేసుకుని మెల్లగా అడుక్కి దిగిపోతుంది. లాగేటప్పుడు అటూ ఇటూ ఊగాల్సిన ఒళ్లు కూడా బిగుసుకుపోతుంది. గట్టు మీద నిలబడ్డ మనకి ఇదేమీ కనపడదు, చేపకి కనపడుతుంది.

కాబట్టి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, 0.01 గ్రాము వరకు చూపించేది. పాత హుక్కుల్ని రింగులతో సహా తూచి ఎక్కడైనా రాసిపెట్టుకోండి. వంగినా ఫర్వాలేదు, బరువు మారదుగా. కొత్తవి కూడా అలాగే రింగులతో తూచండి. రెండింటికీ తేడా 0.1, 0.2 గ్రాముల్లో ఉంటే బెంగ లేదు. అంతకంటే ఎక్కువ ఉంటే బకెట్ పరీక్ష చెయ్యాల్సిందే. షాపుకి వెళ్లి సైజు అడిగేవాళ్లు, రేటు అడిగేవాళ్లే గానీ బరువెంత అని అడిగేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అసలు అడగాల్సిందే అది.

బకెట్ పరీక్ష అంటే పెద్ద పనేం కాదు. పది లీటర్ల నీళ్లలో 350 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగిస్తే సముద్రపు నీటికి దగ్గరగా వస్తుంది. మీరు వాడే స్నాప్ (లూర్‌ని తగిలించే కొక్కెం), ఓ మూరెడు లీడర్ (లూర్ ముందు కట్టే దారం) కూడా తగిలించే ఉంచండి, వాటి బరువూ లెక్కే. లూర్‌ని చేత్తో నీళ్ల మధ్యలోకి ముంచి, ఒంటికీ హుక్కులకీ అంటుకున్న గాలిబుడగలు దులిపేసి, అప్పుడు వదలండి. ఆ బుడగలు ఉంటే మునిగే లూర్ కూడా తేలినట్టే కనిపించి మోసం చేస్తుంది. అలాగే ఉట్టి నీళ్ల బకెట్‌లోనూ చూడండి.

ఉట్టి నీళ్లు ఎందుకంటారా, ఉప్పుటేటిలో నీళ్లు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు కదా. సముద్రపు నీరు మంచినీటికన్నా సుమారు రెండున్నర శాతం బరువు. అంటే మంచినీళ్లలో కదలకుండా నిలబడే 20 గ్రాముల లూర్‌ని సముద్రంలో వేస్తే దాదాపు అర గ్రాము తేలికైనట్టు పైకి తేలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పోటు మీద మీ ఏటిలో నీళ్లు దాదాపు సముద్రమే, అప్పుడు అర గ్రాము హుక్కు బరువు పెంచినా చెల్లిపోతుంది. అదే ఆగస్టులో గోదారికి వరదొచ్చి ఎర్రనీళ్లు దిగినప్పుడు నాలుక మీద వేసుకున్నా ఉప్పు తెలియదు. అదే లూర్, అవే హుక్కులు, కానీ ఆగాల్సింది మునుగుతుంది. అందుకని ఒక లూర్‌కి రెండు జతల హుక్కులు, ఎండాకాలానికి ఒకటి, వరదలకి ఒకటి పెట్టుకుంటే పిచ్చి పనేమీ కాదు. లూర్ కొనడం కన్నా హుక్కుల జత చవకే.

ఇక లావు. 4ఎక్స్ అంటే, ఆ హుక్కు తీగ దానికన్నా నాలుగు సైజులు పెద్ద హుక్కుకి ఉండే లావు అని, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. లావు తీగ తొందరగా వంగదు, నిజమే. తొందరగా దిగదు కూడా. మీ దారం ఎంతో రాయలేదు. 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం) అనుకుందాం, అంటే 9 కిలోల దాకా ఓర్చేది. డ్రాగ్, అంటే ఎంత లాగితే రీల్ దారం వదలాలో ఆ బిగింపు, అందులో పావు వంతు నుంచి మూడో వంతు పెడతాం, అంటే రెండుంపావు నుంచి మూడు కిలోలు. ఆ మూడు కిలోల లాగుడే పండుగప్ప మూతి ఎముకలోకి మొనని దించాలి, బార్బ్ (మొన వెనకుండే ఎదురు ముల్లు) దాటించాలి. లావు హుక్కు బార్బ్ దాకా దిగకుండా మొన మీదే ఆగిపోతుంది, చేప గాల్లోకి లేచి తల విదిలించగానే ఊడిపోతుంది. మీరు చెప్పిన ‘కొట్టినా నిలవడం లేదు’ ఇదే అయ్యుంటుంది. 4ఎక్స్ కావాలంటే దానికి తగ్గ రాడ్, 40, 50 పౌండ్ల దారం ఉండాలి. ఇప్పుడున్న సరంజామాకి పాత సైజులోనే 2ఎక్స్, మహా అయితే 3ఎక్స్, పొట్టి కాడ (హుక్కు నిటారు భాగం) ఉన్నవి చాలు.

పాత వంగిన హుక్కు పారేయకపోతే ఒకసారి తీసి చూడండి. కొక్కెం నిటారుగా సాగి ఉంటే అది లాగుడుకి వంగింది, అంటే డ్రాగ్ మరీ బిగించి ఉండొచ్చు, లేదా మూడు మొనల్లో ఒక్కటే పట్టుకుని ఉండొచ్చు. అలాకాక మొన లోపలికి, కాడ వైపు నలిగి ఉంటే అది దవడ పని, పండుగప్ప నోరు మూసి నలిపేసిందన్నమాట. నలిగినదానికి మందు లావు తీగే, సాగినదానికి మాత్రం ముందు డ్రాగ్ చూసుకోవాలి.

ఇంకో మాట, ఒక సైజు పెంచారు కదా, లూర్‌ని చేతిలో పట్టుకుని ముందు హుక్కుని వెనక్కి, వెనక హుక్కుని ముందుకి తిప్పి చూడండి. రెండూ ఒకదాన్నొకటి అందుకుంటే విసిరిన ప్రతిసారీ చిక్కుపడతాయి. అందుకోకూడదు. అందుకుంటున్నాయంటే సైజు పెద్దదైనట్టే, ఇక బరువు చూడక్కర్లేదు కూడా.

ప్రశ్న: నంబర్ 4 హుక్కు అడిగితే ఇంత పెద్దది ఇచ్చాడు, నంబర్ 8 అడిగితే చిన్నది ఇచ్చాడు. షాపువాడు పొరబడ్డాడా? (తాడేపల్లిగూడెం)

జవాబు: లేదు, సరిగ్గానే ఇచ్చాడు. 10, 8, 6, 4, 2, 1 ఇలా అంకె తగ్గేకొద్దీ హుక్కు పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని అంకె పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. అన్ని కంపెనీలకీ ఒకటే కొలత కూడా కాదు, ఒకరి నంబర్ 4 ఇంకొకరి నంబర్ 6 అంత ఉన్న సందర్భాలున్నాయి. పాత హుక్కు జేబులో వేసుకుని వెళ్లి పక్కన పెట్టి చూసుకుని కొనండి.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది జగిత్యాల దిక్కు. మా చెరువుల కొర్రమీనుకు రబ్బరు కప్ప ఏస్తున్న. పది దెబ్బలు కొడితె రెండు గూడ పడుతలేవు. కప్పకున్న డబుల్ హుక్కు తీసి ట్రెబుల్ పెట్టుకోవచ్చునా?

జవాబు: వద్దు తమ్మీ. మీ చెరువుల్లో గుర్రపు డెక్క, తామరాకు, నాచు లేని జాగా ఎంతుంటుంది చెప్పు? కప్ప లూర్ పనికొచ్చేదే ఆ రెండు మొనలూ దాని వీపుకి ఆనుకుని పైకి చూస్తూ ఉంటాయి కాబట్టి. ట్రెబుల్ పెట్టిన కప్ప రెండో గజంలోనే ఆకుని పట్టుకుంటుంది, నువ్వు కొర్రమీనుని కాదు, డెక్కని ఒడ్డుకి లాగుతుంటావు.

హుక్కు మార్చే ముందు కప్పని ఒకసారి చేతిలోకి తీసుకుని బొటనవేలితో, చూపుడువేలితో మెల్లగా నొక్కు. ఒళ్లు లోపలికి పోయి రెండు మొనలూ పూర్తిగా బయటపడాలి. గట్టిగా నొక్కితే గానీ బయటపడటం లేదంటే తప్పు హుక్కుది కాదు, రబ్బరుది. చవక కప్పల్లో ఇదే రోగం. ఎంత మంచి హుక్కు పెట్టినా ప్రయోజనం ఉండదు, కప్పనే మార్చాలి.

రబ్బరు మెత్తగానే ఉంటే ప్లయర్‌తో ఒక్కో మొననీ కొంచెం పైకి, కొంచెం బయటికి వంచు. కొంచెం అంటే చూడగానే వంచినట్టు తెలియనంత. మరీ తెరిస్తే మళ్లీ ఆకు పట్టుకుంటుంది. తీగ మెల్లగా వంచాలి, ఒకేసారి విరిచినట్టు వంచితే పుటుక్కుమంటుంది, వంచాక మళ్లీ వెనక్కి వంచకూడదు. తర్వాత మొన. గోరు మీద మొనని ఏటవాలుగా ఆనించి బరువు వెయ్యకుండా లాగు. గోరుని పట్టుకుని ఆగిందా, పదునుంది. జారిపోయిందా, సన్న ఆకురాయితో కాడ వైపు నుంచి మొన వైపుకి నాలుగు గీతలు గీయి. కొర్రమీను నోరంతా ఎముకే, మొద్దు మొన దాని మీద జారుతుంది తప్ప దిగదు.

హుక్కు నిజంగానే మార్చాల్సి వస్తే, ముందు నీ కప్పలో అది ఊడి వచ్చే రకమో కాదో చూడు. కొన్నిట్లో సీసం బరువు హుక్కు కాడకే పోతపోసి ఉంటుంది, అది తీస్తే కప్ప తిరగబడుతుంది. ఊడి వచ్చే రకమైతే పాతదాని పొడవూ వెడల్పూ కొలిచి అంతే ఉన్న డబుల్ హుక్కు కొను. కాడ రెండు మిల్లీమీటర్లు పొడవైనా మొనలు కప్ప వెనక్కి జరిగిపోతాయి, రబ్బరు వాటిని కప్పదు.

అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు పైకి లేవగానే నువ్వు లాగేస్తున్నావేమో చూసుకో. కప్ప కనపడకుండా పోయి దారం బరువెక్కేదాకా ఆగి అప్పుడు రాడ్‌ని గట్టిగా వెనక్కి లాగాలి. పది దెబ్బలకి రెండు అన్నావు కదా, సగం లెక్క అక్కడే తేలుతుందని నా అనుమానం.

అడగకపోయినా ఒకటి చెప్తా. నీళ్ల మీద ఎర్రెర్రగా పిల్లల గుంపు కదులుతుంటే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, అక్కడ ఏది పడినా కొడతాయి. అక్కడ కప్ప వెయ్యడం గొప్ప కాదు. ఆ జంటని తీసేస్తే ఆ పిల్లలన్నీ వేరే చేపల నోట్లోకే. తెలంగాణ రాష్ట్ర చేప అని 2016లో పేరు పెట్టుకున్నాం, ఆ మాత్రం మర్యాద ఇద్దాం.

ప్రశ్న: మాది భీమిలి. గోస్తనీ సముద్రంలో కలిసేచోట, బండల మీద నుంచీ పార చేపలకి లూర్ విసురుతాను. అందరూ ట్రెబుల్స్ తీసేసి సింగిల్స్ పెట్టుకోమంటున్నారు. నిజంగా లాభమా, ఫ్యాషనా? పెడితే ఏ సైజు, ఎటు తిప్పి పెట్టాలి?

జవాబు: మీ చోటికి లాభమే. బండల మీద నుంచి విసిరేవాళ్లకి అడుగున రాయి పట్టుకోవడం, వలముక్కలు, తాళ్లు పట్టుకోవడం పెద్ద బాధ, మూడు మొనలకన్నా ఒక మొన తక్కువ పట్టుకుంటుంది. రెండోది, అదే బరువులో సింగిల్ అయితే తీగ బాగా లావుది వస్తుంది, ఎందుకంటే ఉన్న ఇనుమంతా ఒక్క కొక్కేనికే. మూడోది చాలామంది గమనించరు. ట్రెబుల్‌లో ఒక మొన చేప నోట్లో ఉంటే ఇంకో మొన దాని చెంపకో, లూర్ ఒంటికో ఆనుకుని గునపంలా తన్ని, దిగిన మొననే పెకిలిస్తుంది. సింగిల్‌కి ఆ గొడవ లేదు, ఒకసారి మూతి మూలకి దిగిందా, ఊడటం కష్టం. అండమాన్‌లో పెద్ద పార చేపలకి పాపర్లు (నీళ్ల మీద తేలుతూ మూతితో నీళ్లు చిమ్మే లూర్లు) విసిరి, పట్టి, ఫొటో తీసి వదిలేసేవాళ్లు చాలామంది బార్బ్ నొక్కేసిన సింగిల్స్‌కి మారింది ఇందుకే, చేపకీ మనిషికీ కూడా గాయం తక్కువ.

నష్టం లేదా అంటే ఉంది. వంజరంలా పక్కనుంచి కోసుకుపోయే చేప లూర్‌ని పూర్తిగా నోట్లోకి తీసుకోదు, అక్కడ మూడు మొనలుంటేనే ఏదో ఒకటి తగులుతుంది. మీకు వంజరం కూడా వచ్చే రోజులుంటే వెనక ట్రెబుల్ ఉంచి ముందు మాత్రం సింగిల్ పెట్టుకోండి. ఇది అటూ ఇటూ కాని బేరమే, కానీ పని చేస్తుంది.

సైజుకి అంకెలతో మొదలుపెట్టొద్దు, మళ్లీ కాటాతోనే. తీసేసిన ట్రెబుల్ ఎంత బరువుందో దానికి దగ్గరగా ఉన్న సింగిల్ ఏదో వెతకండి. మామూలుగా నంబర్ 4 ట్రెబుల్ ఉన్నచోట 1 గానీ 1/0 గానీ, నంబర్ 2 ఉన్నచోట 1/0 గానీ 2/0 గానీ కుదురుతుంది. సింగిల్ చాలాసార్లు తేలికే అవుతుంది, అప్పుడు లూర్ ఎక్కువ ఊగి, జోరుగా లాగితే పక్కకి దొర్లిపోతుంది. అలా అవుతుంటే సన్న సీసం తీగ కాడకి నాలుగు చుట్లు చుట్టి మళ్లీ లాగి చూడండి, బరువు సరిపోగానే ఒళ్లు దారికొస్తుంది.

కొనేటప్పుడు ‘ఇన్‌లైన్’ సింగిల్ అని అడగండి. మామూలు ఎర హుక్కుకి కన్ను (కాడ కొసనుండే రంధ్రం) పక్కకి తిరిగి ఉంటుంది, దాన్ని రింగుకి తగిలిస్తే హుక్కు అడ్డంగా నిలబడుతుంది. ఇన్‌లైన్ దానికి కన్ను తిప్పి పెట్టి ఉంటుంది కాబట్టి లూర్ వెన్నుకి వరసగా వేలాడుతుంది. పొట్ట కింది హుక్కు మొన ముందుకి, అంటే లూర్ ముక్కు వైపుకి, తోక హుక్కు మొన పైకి. దీని మీద వాదించుకునేవాళ్లున్నారు, నేను మాత్రం ఇలాగే పెడతాను.

పాపర్ వాడితే ఒక చిన్న సంగతి. వెనక హుక్కు తేలికైతే పాపర్ నీళ్ల మీద అడ్డంగా పడుకుంటుంది, మూతితో నీళ్లు చిమ్మదు. వెనక కాస్త బరువుంటేనే తోక దిగి మూతి లేస్తుంది. అక్కడ మాత్రం తేలిక పనికిరాదు.

ప్రశ్న: సముద్రానికి వెళ్లొచ్చిన రెండు వారాలకే హుక్కులన్నీ తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలువి కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు కదా? (కావలి)

జవాబు: టెన్షన్ ఒకటి తగ్గి రెండు వస్తాయి. స్టెయిన్‌లెస్ హుక్కు తుప్పు తక్కువే గానీ మామూలు కార్బన్ స్టీలుకి నిలిచినంత పదును దానికి నిలవదు. దారం తెగి చేప నోట్లోనే ఉండిపోతే ఎన్నాళ్లకీ కరగదు కూడా. లూర్‌కి టిన్ పూతో, మందపాటి నికెల్ పూతో ఉన్న కార్బన్ స్టీలు హుక్కే మంచిది. గోధుమరంగు బ్రాంజ్ పూతవి మంచినీటి చెరువులకి చాలు, మీ సముద్రానికి తేవద్దు.

నిజానికి మీ హుక్కుల్ని తింటున్నది సముద్రం కాదు, పెట్టె. తడి లూర్ ఒక్కటి మూతపెట్టిన పెట్టెలో పడేస్తే చాలు, ఆ ఉప్పు చెమ్మ పక్కవాటికీ పాకుతుంది. ఇంటికి రాగానే వాడినవీ, వాడకపోయినా పెట్టె తెరిచినప్పుడు తుంపర తగిలినవీ అన్నీ మంచినీళ్ల బకెట్‌లో ముంచి తీసి, నీడలో రాత్రంతా ఆరనిచ్చి, అప్పుడే లోపల పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా పెట్టెలో వేసుకోండి. తుప్పు పైపైనే ఉంటే గుడ్డతో తుడిచి గోరు పరీక్ష చెయ్యండి. మొన దగ్గరే గుంటపడితే ఆకురాయి పెట్టి లాభం లేదు, మార్చెయ్యండి. పూత ఉన్న హుక్కుని ఆకురాయితో గీస్తే మొన దగ్గర పూత పోతుంది, ఆ తర్వాత అక్కడే ముందు తుప్పు పడుతుంది, ఇది కూడా గుర్తుంచుకుని గీయండి.

ప్రశ్న: మా ఆయనకి ఈ చేపల పిచ్చి. హాల్లో టేబుల్ మీదే హుక్కులు మారుస్తారు. మొన్న ఒకటి ఆయన వేలికే దిగింది, ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడు. మీరైనా ఏదైనా చెప్పండి. (హైదరాబాద్)

జవాబు: అమ్మా, ఆస్పత్రికి వెళ్లడం మంచి పనే చేశారు. ఆయన్ని ఈ పేజీ చదవమనండి.

హుక్కులు మార్చే చోటు కింద లేత రంగు ట్రే గానీ పళ్లెం గానీ ఉండాలి, పడింది పడినట్టు కనపడాలి. కొన్నవి ఎన్ని, పెట్టినవి ఎన్ని, తీసినవి ఎన్ని అని లెక్క తేలేదాకా అక్కణ్ణుంచి లేవకూడదు. పాత హుక్కుల్ని నేరుగా చెత్తబుట్టలో వేస్తే చెత్త తీసుకెళ్లే మనిషి చేతికి దిగుతాయి, ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి పారేయాలి. లూర్ ఒంటికి ఒక హుక్కు ఉండగా ఇంకోటి మారుస్తారు కదా, ఆ ఉన్నదే చేతికి దిగేది. దాని మొనలకి స్ట్రా ముక్కో, ధర్మోకోల్ ముక్కో గుచ్చి పెట్టుకుంటే సరిపోతుంది.

మళ్లీ ఎప్పుడైనా దిగితే మొదట చెయ్యాల్సింది హుక్కు లాగడం కాదు. హుక్కుని రింగు నుంచి తప్పించి లూర్‌ని వేరు చెయ్యాలి, ఎందుకంటే వేలాడే లూర్ కదిలిన ప్రతిసారీ మొన ఇంకా లోపలికి పోతుంది, దాని రెండో హుక్కు పక్కవాళ్లకి గుచ్చుకుంటుంది. ట్రెబుల్ అయితే మిగతా రెండు మొనలకీ టేపు చుట్టండి, లేదా కటింగ్ ప్లయర్‌తో కత్తిరించండి. బార్బ్ లోపలికి వెళ్లకపోతే వచ్చిన దారినే వచ్చేస్తుంది. బార్బ్ దిగిపోయిందా, దగ్గర్లో డాక్టరు ఉంటే వాళ్లకే వదిలెయ్యండి. కంటి దగ్గర, మెడ మీద, కీలు దగ్గర దిగితే ఎంత చిన్నదైనా ముట్టుకోకుండా ఆస్పత్రికే. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో డాక్టరుకి చెప్పాలి.

ఇంట్లో పిల్లవాడు ఉన్నాడు కాబట్టి ఆయనకి నా సలహా, ప్లయర్‌తో బార్బులన్నీ నొక్కేసుకోమనండి. దారం వదులు కాకుండా చూసుకుంటే చేపలేమీ ఊరికే పోవు.

ప్రశ్న: ఏ కంపెనీ హుక్కులు బెస్ట్? ఒక్క పేరు చెప్పండి చాలు. (విజయవాడ)

జవాబు: ఒక్క పేరు చెబితే మిగతావాళ్లు కొట్టడానికొస్తారు. నార్వే వాళ్ల ముస్టాడ్, ఫ్రాన్స్‌లో పుట్టిన వీఎంసీ, జపాన్ వాళ్ల ఓనర్, గామకట్సు, ఇవన్నీ ఎప్పట్నుంచో హుక్కులే పనిగా పెట్టుకున్నవి, ఏది తీసుకున్నా నష్టపోరు. అసలు భయం నకిలీలతో. ప్యాకెట్ మీద పేరు చూసి మురిసిపోకుండా ఒక హుక్కు బలి ఇవ్వండి. మొనని బల్లకి కొట్టిన మేకుకి తగిలించి, కన్నుని ప్లయర్‌తో పట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని లాగండి. మంచిది కాస్త తెరుచుకుని వదలగానే వెనక్కి వస్తుంది. మైనంలా సాగి అలాగే ఉండిపోతే మెత్త తీగ, టప్పున విరిగితే పెళుసు తీగ. రెండూ వద్దు.

ప్రశ్న: నమస్కారం. మేం ఉద్యోగరీత్యా కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో ఉంటున్నాం. ఇండియా నుంచి తెచ్చుకున్న స్పిన్నర్లు, స్పూన్లు (నీళ్లలో తిరుగుతూ మెరిసే రేకు లూర్లు) అన్నిటికీ ట్రెబుల్ హుక్కులే. ఇక్కడ నదుల్లో వాడొచ్చా?

జవాబు: ఆ రాష్ట్రంలో నదులు, వాగులు అన్నిటిలోనూ బార్బ్ లేని సింగిల్ హుక్కే వాడాలని రూలు. ట్రెబుల్‌లో రెండు కొక్కేలు కత్తిరించి ఒకటి ఉంచుకోవచ్చు గానీ బరువు బాగా తగ్గిపోయి స్పూన్ తిరిగే తీరు మారుతుంది. దానికన్నా ‘సైవాష్’ అనే రకం అడగండి, అక్కడ సాల్మన్ పట్టేవాళ్లందరికీ తెలిసిందే. కాడ పొడవుగా ఉంటుంది, కన్ను తెరిచే ఉంటుంది, స్పిన్నర్ తీగ కొసనున్న లూపులో దూర్చి ప్లయర్‌తో నొక్కేస్తే రింగు కూడా అక్కర్లేదు. బార్బ్ నొక్కాక ఒక గుడ్డముక్కకి గుచ్చి వెనక్కి లాగండి, గుడ్డ పట్టుకోకుండా జారి వస్తేనే సరిగ్గా నొక్కినట్టు. ఇంకా ఏ నదిలో ఏ నెలలో పట్టొచ్చో, ఎన్ని ఉంచుకోవచ్చో అన్నది నదికో రకంగా ఉంటుంది, లైసెన్సు తీసుకునేటప్పుడే ఆ ఏడాది రూల్సు చూసుకోండి.

ప్రశ్న: రింగు తియ్యడానికి ప్లయర్ తప్పనిసరా? గోటితో, బ్లేడుతో తీస్తున్నాను. (కరీంనగర్)

జవాబు: చిన్న రింగులకి గోరు సరిపోతుంది, లావు రింగులకి గోరు మిగలదు, బ్లేడు అయితే ఏ వేలు మిగులుతుందో చెప్పలేను. ఒక దవడ కొసన పన్ను వంగి ఉండే స్ప్లిట్ రింగ్ ప్లయర్ అని దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. ఆ పన్ను రింగు పొరల మధ్య దూర్చి, హుక్కు కన్ను లోపలికి పోయేంత మేరే తెరవండి. ఎక్కువ తెరిస్తే రింగు మళ్లీ గట్టిగా మూసుకోదు, వెలుతురుకి పెట్టి చూస్తే పొరల మధ్య సందు కనపడుతుంది, అలాంటిది పారేయండి. హుక్కు లావుది పెట్టినప్పుడు రింగు పాతదే ఉంచితే ఈసారి రింగే తెరుచుకుంటుంది. అలాగని కన్ను పట్టనంత లావు రింగు వెయ్యొద్దు, హుక్కు అన్ని వైపులా వదులుగా ఊగాలి. ఊగకుండా బిగుసుకుని ఉందంటే రింగు ఒక సైజు దించండి.